శివారు తడిసిందా?

మా రామచంద్రపురం పరిసరాల్లో జూన్ నెల వచ్చిందంటే ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న: "నీళ్ళొచ్చాయా?" ధవళేశ్వరంలో గేట్లెత్తి కాలువలకు నీరు వదిలారన్న వార్త పొద్దున్నే పేపర్లో వస్తుంది. ఆ వార్త చదివి తిన్నగా నారుమడి దమ్ముకు బయలుదేరిన రైతు నాకింతవరకు తారసపడలేదు. సైకిలెక్కి కాలువగట్టు మీదుగా వెళ్ళి, తన చేను తూము దగ్గర వంగి, బోదెలోకి నీరు ఎక్కిందో లేదో కళ్ళతో చూసుకున్నాకే ఇంటికొస్తాడు. పేపరు అబద్ధం రాసిందని ఆయన అనుమానం కాదు. అక్కడ వదిలిన నీరు ఇక్కడికి వచ్చేలోగా ఎన్ని లాకులు దాటాలో, ఎందరి చేలు తడవాలో ఆయనకు తెలుసు.

అటువంటి రైతుల ఇంట్లోనే పుట్టిన నాకు ఈ సంగతి నా వృత్తిలో ఒంటబట్టడానికి పదిహేనేళ్ళూ, ఒక తుఫానూ పట్టాయి. ఆ కథే ఇది. మధ్యలో కొంత సాంకేతిక ప్రసంగం తప్పదు. విసుగనిపిస్తే ఆ పేరాలు దాటేసి, మా బాబాయి వచ్చేచోట మళ్ళీ కలవండి.

నా పని వెబ్ అప్లికేషన్లను పరీక్షించడం. వివరంగా చెప్పాలంటే, విహరిణిని మనిషికి బదులు ఒక ప్రోగ్రాము చేత నడిపించడం. పేజీ తెరవడం, గడిలో పేరు రాయడం, మీట నొక్కడం, వచ్చిన జవాబు చదివి అది ఆశించినదేనా కాదా అని తేల్చడం, ఇవన్నీ ఆ ప్రోగ్రామే చేస్తుంది. దానికి విసుగు రాదు, మధ్యలో టీకి వెళ్ళదు. రాత్రంతా పనిచేసి తెల్లవారేసరికి ఒక పట్టిక ఇస్తుంది. నెగ్గిన పరీక్షకు పచ్చ గుర్తు, ఓడినదానికి ఎర్ర గుర్తు. పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆ పట్టిక ముందు కూర్చుని, అంతా పచ్చగా ఉంటే నిట్టూర్చడం నా దినచర్య.

ఈ పనికి నేను వాడే ఉపకరణం పేరు సెలీనియం. 2004లో చికాగోలో థాట్‌వర్క్స్ సంస్థలో జేసన్ హగ్గిన్స్ అనే ఆయన, తమ ఉద్యోగులు పనిగంటలూ ఖర్చులూ నమోదుచేసుకునే ఒక అప్లికేషనును పరీక్షించడానికి దీన్ని రాసుకున్నాడు. పేరు వెనుక ఒక చమత్కారం ఉంది. ఆ రోజుల్లో ఈ రంగాన్ని ఏలుతున్న సంస్థ పేరు మెర్క్యురీ, అంటే పాదరసం. పాదరస విషానికి సెలీనియం విరుగుడని ప్రతీతి. ఆ వేళాకోళమే పేరుగా స్థిరపడిపోయింది. మెర్క్యురీని 2006లో హెచ్‌పీ కొనేసింది. అదే ఏడాది జపానుకు చెందిన షిన్యా కసతాని, ఫైర్‌ఫాక్స్‌లో మనం చేసే పనుల్ని చూసి నేర్చుకుని తిరిగి చేసి చూపించే సెలీనియం ఐడీఈని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. సైమన్ స్టూవర్ట్ విడిగా రాసిన వెబ్‌డ్రైవర్ దీనితో కలిసి 2011లో సెలీనియం 2 అయింది. ఆ వెబ్‌డ్రైవర్ పద్ధతినే 2018 జూన్‌లో డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించింది. ఒక ఆఫీసు లెక్కల కోసం పుట్టిన పనిముట్టు పద్నాలుగేళ్ళకు విహరిణులన్నీ పాటించవలసిన శాసనమైంది.

మన దగ్గర ఈ చరిత్రనంతా అమీర్‌పేట గోడల మీద చదువుకోవచ్చు. 2008లో నేను మైత్రీవనం చుట్టుపక్కల తిరుగుతున్నప్పుడు కరపత్రాల నిండా మెర్క్యురీ వారి క్యూటీపీయే. నేను నేర్చుకున్నదీ అదే. నాలుగేళ్ళు తిరిగేసరికి అవే గోడల మీద, అవే రంగుల్లో, సెలీనియం పేరు వెలిసింది. క్యూటీపీ లైసెన్సు కొనాలంటే కంపెనీయే కొనాలి. సెలీనియం ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. జిల్లాల నుంచి వచ్చి హాస్టలు మంచానికి అద్దె కట్టడమే కష్టమైన మాబోటివాళ్ళకు అది ఎంత పెద్ద తేడాయో చెప్పనక్కర్లేదు.

2020లో కరోనాతో ఆఫీసులు మూతపడ్డప్పుడు హైదరాబాదు గది ఖాళీచేసి రామచంద్రపురం వచ్చేశాను. మేడమీద గది, ఒక బల్ల, కిటికీలోంచి కొబ్బరి చెట్లు. అంతకుముందు ఆఫీసులో ఎవరో అమర్చిపెట్టిన కంప్యూటరు మీద కూర్చుని పరీక్షలు రాసేవాణ్ణి. ఇప్పుడు అమరికంతా నా నెత్తిన పడింది. అమర్చడంలో ఎన్ని మెలికలున్నాయో అప్పుడు తెలిసింది.

మొదటి మెలిక అక్షరాలది. మేం పరీక్షించే అప్లికేషన్లో తెర మీది మాటలు తెలుగులో ఉన్నాయి. పరీక్షలో కూడా ఆ తెలుగు మాటలే రాశాను. నడిపించి చూస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోయింది. మనలో చాలామందికి ఈ ప్రశ్నార్థకాలూ డబ్బాలూ పాత చుట్టాలే. ఒకప్పుడు మన పేజీలు చూసిన మిత్రులు "మీరేదో రాశారుగానీ మాకు గడులే కనబడుతున్నాయి" అని రాసేవారు కదా! కారణం ఇదీ: అప్పట్లో జావా, ఫైలు ఏ సంకేత పద్ధతిలో రాశారని ఎవరూ చెప్పకపోతే, ఆ కంప్యూటరుకు అలవాటైన పద్ధతినే వాడుకునేది. నా విండోస్ అలవాటు పాశ్చాత్య లిపులది. మేవెన్ అమరికలో మూలం యూటీఎఫ్-8లో ఉందని ఒక్క వాక్యం చేర్చి, జావా నడిచేటప్పుడు కూడా అదే మాట చెబితే తెలుగు తెలుగుగా వచ్చింది. 2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8నే స్వతస్సిద్ధ పద్ధతిగా చేశారు కాబట్టి కొత్తగా వచ్చేవారికి ఈ బాధ చాలావరకు తప్పింది.

రెండోది డ్రైవరు సంగతి. సెలీనియం నేరుగా క్రోమ్‌తో మాట్లాడదు. మధ్యలో క్రోమ్‌డ్రైవర్ అనే దుబాసీ ఉంటుంది. దుబాసీ కూర్పు, విహరిణి కూర్పు సరిపోలాలి. క్రోమేమో మనల్ని అడగకుండానే రాత్రికి రాత్రి కొత్త కూర్పుకు మారిపోతుంది. పొద్దున లేచేసరికి పరీక్షలన్నీ ఎర్రగా ఉండేవి. ఈ డ్రైవరు ఫలానా కూర్పుకే పనికొస్తుందన్న సందేశం నాకు కంఠస్థమైపోయింది. 2021లో క్రోమ్ కొత్త కూర్పుల వ్యవధి 6 వారాల నుంచి 4 వారాలకు తగ్గడంతో ఈ ముచ్చట మరింత తరచైంది. 2022 నవంబరులో వచ్చిన సెలీనియం 4.6తో బాటు సెలీనియం మేనేజర్ అనే సహాయకుడు వచ్చి, విహరిణి కూర్పు చూసి తగిన డ్రైవరును తానే తెచ్చుకోవడం మొదలుపెట్టాక నేను డ్రైవర్ల వేట మానేశాను.

మూడోది ఖతులు. రాత్రిపూట పరీక్షలు నడిచేది నా కంప్యూటరు మీద కాదు, ఎక్కడో ఉన్న లినక్సు సర్వరు మీద. దానికి తెర లేదు. క్రోమ్ 2017 నుంచి తెర లేకుండా నడవడం నేర్చింది. అయినా పరీక్ష ఓడినప్పుడు పేజీ ఎలా ఉందో బొమ్మ తీసి దాచమని చెప్పవచ్చు. అలా తీసిన ఒక బొమ్మ తెరిచి చూద్దును కదా, తెలుగు అక్షరాల చోట ఖాళీ పెట్టెల వరుసలు! విండోస్‌లో ఎప్పటినుంచో గౌతమి ఖతి ఉంది. మా ఊరికి దక్షిణాన కోటిపల్లి దగ్గర పారే గోదావరి పాయ పేరూ గౌతమే. ఆ బోసి సర్వరు మీద గౌతమీ లేదు, పోతనా లేదు. నోటో తెలుగు ఖతి పెట్టాక బొమ్మల్లో తెలుగు కనిపించింది.

ఇక్కడొక విషయం గమనించి నవ్వుకున్నాను. నవ్వి ఊరుకోవలసింది కాదని తరువాత తెలిసింది. ఖతి లేనన్నాళ్ళూ తెర మీద పెట్టెలే ఉన్నా, "పేజీ శీర్షిక తెలుగులో సరిగా ఉందా?" అనే నా పరీక్ష ప్రతి రాత్రీ నెగ్గింది. ఎందుకంటే సెలీనియం కళ్ళతో చూడదు. పేజీ అంతరంగంలో ఏ సంకేతాలున్నాయో చదువుతుంది. సంకేతాలు సరిగానే ఉన్నాయి. ఆ బొమ్మలో తెలుగు చదవగల మనిషెవరూ లేరన్న సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు.

నాలుగోది వేచి ఉండడం. అన్నిటికంటే నాకు ప్రీతిపాత్రమైన మెలిక ఇదే. ప్రోగ్రాముకు తొందరెక్కువ. పేజీ ఇంకా వస్తూండగానే, ఇంకా పుట్టని మీటను నొక్కబోయి, "మీట లేదు" అని ఓడిపోతుంది. కొత్తవాళ్ళంతా దీనికి వేసే మందు ఒకటే: అయిదు సెకన్లు నిద్రపొమ్మని ప్రోగ్రాముకు చెప్పడం. పేజీ రెండు సెకన్లలో వస్తే మూడు సెకన్లు దండగ. ఏడు సెకన్లు పడితే మళ్ళీ ఓటమే. ఇటువంటి నిద్రలు వంద చేరిస్తే పరీక్షలు ముగిసేసరికి తెల్లారిపోతుంది. సరైన పద్ధతి వేరే ఉంది. ఫలానా మీట కనబడేవరకు, నొక్కడానికి వీలయ్యేవరకు ఆగు, అరసెకనుకొకసారి తొంగి చూడు, ఇరవై సెకన్లకూ రాకపోతే అప్పుడు ఓడిపో అని షరతు పెట్టి చెప్పడం. మా కుర్రాళ్ళకు దీన్ని కాలువ భాషలోనే చెప్పేవాణ్ణి. జూన్ ఫలానా తేదీకి నీరొస్తుందని క్యాలెండరు చూసుకుని దమ్ముకు దిగేవాడు నిద్రపోయే ప్రోగ్రాము. తూము దగ్గరికెళ్ళి తొంగి చూసేవాడు షరతుతో ఆగే ప్రోగ్రాము. వాళ్ళకు వెంటనే అర్థమయ్యేది. అంత చక్కగా పాఠం చెప్పిన పెద్దమనిషి తన తూము దగ్గరికి తానెళ్ళి చూశాడా అన్నదే ప్రశ్న.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మా ఊరు తూర్పు గోదావరి నుంచి కోనసీమలోకి వచ్చింది. చిరునామా పేజీలో జిల్లాల జాబితా మార్చగానే నా పరీక్షలు కొన్ని ఎర్రబడ్డాయి. జాబితాలో 13 పేర్లుండాలనీ, రామచంద్రపురానికి తూర్పు గోదావరి ఎంచుకోవాలనీ వాటిలో రాసి ఉంది మరి. సరిచేశాను. లోకం మారితే పరీక్ష చెబుతుందని ఆ రోజు కాస్త గర్వపడ్డాను కూడా. పరీక్షలో రాసుకున్న లోకం మారితేనే అది చెబుతుందన్న మాట అప్పుడు తట్టలేదు.

ఇక అసలు కథ. 2023లో నేను పరీక్షించిన అప్లికేషను ఒకటి కోత మిషన్లను రైతులకు అద్దెకు కుదిర్చేది. ఎవరి అప్లికేషనో చెప్పడం ఇక్కడ అనవసరం. తప్పులో నా వాటా నాకుంది, దాని గురించే చెబుతాను. ఊరికొక మనిషి ముందుగా రైతుల పేర్లు కంప్యూటర్లో ఎక్కించి జాబితా పంపేవాడు. కోతల సమయానికి రైతు తన ఫోనులో పేజీ తెరిచి, తన పేరు తెలుగులో రాసి, ఎకరాలూ తేదీ చెప్పాలి. జాబితాలోని పేరూ, రైతు రాసిన పేరూ ఒకటైతేనే బుకింగు ముందుకు సాగుతుంది. దీనికి నేను 212 పరీక్షలు రాశాను. నవంబరు నెలాఖరుకి అన్నీ పచ్చగా ఉన్నాయి.

మా బాబాయిది ద్రాక్షారామం దాటాక, సముద్రం వైపు, కాలువ శివారున ఉన్న పల్లె. మూడెకరాల సార్వా వరి. నా మాట మీదే ఆ జాబితాలో పేరు ఎక్కించుకున్నాడు. డిసెంబరు 1న, శుక్రవారం, ఫోను చేశాడు. బంగాళాఖాతంలో వాయుగుండమని టీవీలో చెబుతున్నారు. చేను కోతకు వచ్చి ఉంది.

"ఒరేయ్ అబ్బాయ్, మీ మిషను పేజీ నా పేరు తప్పంటోందిరా. నా పేరు నాకు తెలీదా?"

"ఎక్కడో అక్షరం తప్పు పడి ఉంటుంది బాబాయ్, మళ్ళీ రాసి చూడు."

"నాలుగుసార్లు రాశాను. చెల్లి చేత కూడా రాయించాను."

వాట్సాప్‌లో తెర బొమ్మ పంపించాడు. చూశాను. పేరు అక్షరం పొల్లుపోకుండా సరిగ్గా ఉంది. కింద ఎర్రగా, "పేరు సరిపోలలేదు." జాబితా తెరిచి చూశాను. అక్కడా అదే పేరు, అవే అక్షరాలు. ఫోను పాతది కదా, సిగ్నలు సరిగా లేదేమో అనుకున్నాను. ఆ పైన నేనన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మా పరీక్షల్లో అంతా సరిగ్గానే ఉంది బాబాయ్. రేపు మళ్ళీ ప్రయత్నించు."

ఆయన మంచివాడు. సరేనన్నాడు. శనివారం మళ్ళీ ప్రయత్నించాడు. ఆదివారం తెలిసినవాళ్ళ ద్వారా వేరే మిషను కోసం తిరిగాడు. అప్పటికే ఆ చుట్టుపక్కల మిషన్లన్నీ ఎవరో ఒకరి చేలో ఉన్నాయి. కూలీలను బతిమాలుకుని ఒక ఎకరం కోయించి ఒడ్డుకు చేర్చుకున్నాడు. సోమవారం వాన పట్టుకుంది. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గోదావరి డెల్టా అంతటా కోతకొచ్చిన వరి నేలవాలింది. మా బాబాయి చేలో మిగిలిన రెండెకరాలు నీళ్ళలో పరుచుకున్నాయి.

మంగళవారం పొద్దున పట్టిక తెరిచాను. 212కి 212, పచ్చ గుర్తులు. కిటికీ బయట వాన కురుస్తోంది.

బుధవారం నాడు ఆ పేరు సంగతి తేల్చుకోవాలని కూర్చున్నాను. జాబితాలోని పేరును, ఆయన ఫోను నుంచి వచ్చిన పేరును పక్కపక్కన పెట్టి కళ్ళతో చూడడం మాని, సంకేతాలు లెక్కపెట్టాను. మా బాబాయి పేరు చివర పొల్లు ఉంటుంది. పేరు చెప్పను గానీ, ఉదాహరణకు "కుమార్" అన్న మాట తీసుకోండి. క, ఉత్వం, మ, దీర్ఘం, ర, పొల్లు: మొత్తం 6 సంకేతాలు. ఫోను నుంచి వచ్చినదాని లెక్క సరిపోయింది. జాబితాలోనిదానికి ఒకటి ఎక్కువ వచ్చింది. ఆ అదనపు సంకేతం కంటికి కనబడదు. మీలో తెలుగు టైపు చేసేవారందరికీ పరిచయమైన మన జీరో విడ్త్ నాన్ జాయినరే అది. వెడల్పు లేని విడదీత గుర్తు.

అది చెడ్డదేమీ కాదు. యూనికోడ్ తెలుగులో పొల్లు తరువాత హల్లు వస్తే ఆ హల్లు ఒత్తుగా మారిపోతుంది. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే "ట" కింద వకారపు ఒత్తు పడకుండా మధ్యలో ఈ గుర్తు పెట్టాలి. మాట మధ్యలో దాని పని అది. మాట చివర మాత్రం దానికి పని లేదు, తరువాత హల్లే లేదు కాబట్టి. కానీ కొన్ని కీబోర్డు అమరికల్లో పొల్లు కొట్టగానే ఇదీ తోడుగా వచ్చి చేరుతుంది. కొందరికి వేళ్ళ అలవాటు. ఆ ఊరి జాబితా ఎక్కించిన మనిషి కంప్యూటర్లో పొల్లుతో ముగిసే ప్రతి పేరు చివరా ఇది కూర్చుని ఉంది. ఫోను కీబోర్డు దాన్ని పెట్టలేదు. మనిషి కంటికి రెండు పేర్లూ ఒకటే. యంత్రానికి వేరువేరు. చివరి ఖాళీలను కత్తిరించే ఏర్పాటు ప్రోగ్రాములో ఉంది గానీ, ఈ గుర్తు ఖాళీల జాతిలోకి రాదు. కాబట్టి కత్తెరకు చిక్కలేదు.

మరి నా 212 పరీక్షలు ఏం చేస్తున్నాయి? అవి విప్పి చూసుకున్నప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. పరీక్షలో వాడే రైతు పేరును నేను ఒకచోట ఒకేసారి టైపు చేసి పెట్టుకున్నాను. పద్ధతి ప్రకారం అదే మంచి అలవాటని పుస్తకాలు చెబుతాయి. జాబితాలోకి ఎక్కించేటప్పుడూ అదే మాట, ఫోను పేజీలో రాసేటప్పుడూ అదే మాట. అంటే నా చేత్తో రాసిన ఒకే మాటను రెండు జేబుల్లోంచి తీసి, ఈ రెండూ ఒకటేనా అని ప్రతి రాత్రీ అడుగుతూ వచ్చాను. ఒకటేనని అది ప్రతి రాత్రీ ఒప్పుకుంది. పైగా సెలీనియం గడిలో రాసేటప్పుడు కీబోర్డు మీద వేళ్ళాడించదు. ఇచ్చిన సంకేతాలను ఇచ్చినట్టే గడిలో పెడుతుంది. ఫోను కీబోర్డు చేసే దిద్దుబాట్లు, సూచనలు, అలవాట్లు ఏవీ ఆ దారిలో ఎదురుకావు. ఉపకరణం నన్ను మోసం చేయలేదు. నేను అడిగిన ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పింది.

దిద్దుబాటు పెద్దదేమీ కాదు. పోల్చేటప్పుడు మాత్రం రెండు పేర్లలోంచీ కనబడని గుర్తులను తీసేయమన్నాం. దాచిన పేరును ముట్టుకోలేదు, మాట మధ్యలో ఆ గుర్తు అవసరం కాబట్టి. దాంతోబాటే ఐత్వం సంగతి కూడా బయటపడింది. "శైలజ"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింద మరొక గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. చూపుకు తేడా లేదు. రెండింటినీ ఒకే రూపానికి తెచ్చే పద్ధతి యూనికోడే నిర్దేశించింది. దాన్ని వాడమని ప్రోగ్రాము రాసేవారికి చెబితే మరునాటికల్లా అయిపోయింది. ఒక పూట పని.

వాన వెలిశాక పల్లెకు వెళ్ళాను. బాబాయి చేలో నీరు బోదెలోకి తీస్తున్నాడు. కంకులు బురదలో తడిసి, కొన్ని గింజలు మొలకెత్తుతున్నాయి. గట్టు మీద నిలబడి విషయమంతా చెప్పాను. పొల్లు, కనబడని గుర్తు, అన్నీ. పార ఆపి ఓపిగ్గా విన్నాడు.

"అయితే నీ పరీక్షలో నువ్వే రాసి, నువ్వే దిద్దుకున్నావన్నమాట."

ఔనన్నాను.

"ధవళేశ్వరంలో నీళ్ళు చూసి శివారు తడిసిందని రాసుకున్నట్టుందిరా మీ వ్యవహారం. ఆ లస్కరు కూడా చివరి తూము దాకా నడిచొచ్చి చూసి పోతాడు కదా."

అంతే అన్నాడు. నన్ను తిట్టలేదు. పేరు సరిపోలి ఉంటే మిషను తప్పకుండా ఆ రెండు రోజుల్లో వచ్చేదని చెప్పలేం. ఆ వారం అందరికీ మిషన్లే కావాలి. ఆ మాట ఆయనే అన్నాడు, నన్ను ఊరడించడానికి. రంగు మారిన ధాన్యాన్ని తక్కువ ధరకు ఇచ్చుకున్నాడని తరువాత పిన్ని చెప్పింది. ఆయన చెప్పలేదు.

1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటినుంచీ ఈ డెల్టాలో తగాదాలకు మూలం శివారే. ఎగువ చేలు తడిశాక మిగిలిందే దిగువకు వస్తుంది. దాళ్వాలో వంతుల వారీగా నీరిచ్చేటప్పుడు శివారు రైతు రాత్రుళ్ళు గట్టు మీద కాపలా పడుకుంటాడు. మనం కట్టే ఈ అప్లికేషన్లకూ శివారు ఉంటుంది. కొత్త కంప్యూటరు, మంచి నెట్టు, చేయి తిరిగిన టైపు ఉన్నవాళ్ళవి ఎగువ చేలు. అక్కడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పాత ఫోనులో, పగిలిన తెర మీద, ఒంటివేలితో తన పేరు తెలుగులో రాసుకునే మనిషి శివారు రైతు. ఆయన దగ్గరికి నీరు అందిందో లేదో చూడకుండా ఇచ్చిన పచ్చ గుర్తుకు విలువ లేదు.

ఇప్పుడు నా అమరిక కొంత మారింది. పరీక్షలో వాడే పేర్లను నేను టైపు చేయను. వేర్వేరు మనుషుల చేత, వేర్వేరు కీబోర్డుల మీద రాయించి తెచ్చుకుంటాను. జాబితాకు ఒకరు రాసినది, ఫోను పేజీకి మరొకరు రాసినది. పొల్లుతో ముగిసేవి, ఐత్వం ఉన్నవి, మధ్యలో విడదీత గుర్తున్నవి తప్పనిసరిగా ఉంటాయి. సెలీనియంతో క్రోమ్‌ను చిన్న ఫోను తెరలా కనబడమనీ, నెట్టు నెమ్మదిగా ఉన్నట్టు ప్రవర్తించమనీ అడగవచ్చు. అదీ అడుగుతున్నాను. పరీక్ష నెగ్గినా సరే తెర బొమ్మ తీయించి, వారానికొకసారి ఆ బొమ్మల్ని మనిషి కంటితో చూస్తున్నాను. అన్నీ అయ్యాక, కొత్త పేజీ ఏదైనా జనంలోకి వెళ్ళే ముందు బస్సెక్కి శివారు పల్లెకు వెళ్తాను. ఈ చివరి అంశాన్ని అమరిక ఫైల్లో రాయడానికి వీలుపడలేదు.

మొన్న అలాగే ఒక కొత్త పేజీ పట్టుకుని వెళ్ళాను. బాబాయి కళ్ళజోడు సవరించుకుని, ఒంటివేలితో, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాశాడు. చివర పొల్లు పెట్టి, నావైపు ఒకసారి చూసి, మీట నొక్కాడు. పేజీ కాసేపు తిరిగింది. మా ఇద్దరి చూపూ ఆ చిన్న తెర మీదే ఉంది. ఆపైన పచ్చగా టిక్కు పడింది.

"తడిసింది" అన్నాడు.